నిద్రయందలి ఊపిరి

(సంఘ వార్షిక మహాసభ సందర్భమున అమరావతియందు చేయబడిన ఉపన్యాసము)



కృష్ణవేణీ తీరమున, అమరేశ్వరస్వామి సన్నిధిని మనమందఱము ఈవిధముగా కలిసికొనుట మన భాగ్యము. ఇట్టి వేదికనుండి విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ప్రసంగించుట మన ఆచారము. మేమెన్నుకొన్న విషయము మీలో కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. అది గుఱక. నవ్వుటకు అభ్యంతరము లేదు. ఆ నవ్వు చాటున ఎందఱి ఆయువు క్షీణించుచున్నదో ఆలోచింపుడని మాత్రము ప్రార్థించుచున్నాము.

పెండ్లివారి విడిదిలో ఒకరు గుఱకపెట్టిన మఱునాడు ఊరెల్ల వారిని కుంభకర్ణుడని పిలుచును. కాని కుంభకర్ణుడు తనివితీర నిద్రించినవాడు. మేము చెప్పబోవు రోగి రాత్రియంతయు కన్నులు మూసియుండియు నిద్రకు నోచుకొననివాడు. తెల్లవారులేచునప్పటికి తలనొప్పి, నోరెండుట, ఒడలి బరువు. పగటిపూట పద్దు వ్రాయుచు కునుకు, పురాణము వినుచు కునుకు, బండి నడుపుచు కునుకు. ఇంటివారు సోమరియందురు. అతడును తాను సోమరినే కాబోలునని నమ్మును.

ముందుగా వ్యాధి స్వరూపమును విన్నవింతుము. గుఱకపెట్టు వారందఱును రోగులు కారు. గుఱక హెచ్చుగానుండి, నడుమ హఠాత్తుగా ఆగి, కొంతసేపు నిశ్శబ్దమై, పిమ్మట ఉక్కిరిబిక్కిరితో మరల మొదలగుచున్నచో అనుమానింపవలెను. నిద్రలో గొంతు కండరములు సడలి, నాలుక మొదలును కొండనాలుక ప్రాంతమును వెనుకకు జారి గాలిపోవు త్రోవను మూసివేయును. ఱొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి లోపలికి పోదు. రక్తమున ప్రాణవాయువు తగ్గును. అంతట మెదడు రోగిని క్షణకాలము మేలుకొల్పును; గొంతు తెఱచుకొనును; ఊపిరి వచ్చును; మరల నిద్ర, మరల మూత. ఈ మేలుకొలుపులు రోగికి జ్ఞాపకముండవు. ప్రక్కన పండుకొన్నవారికే తెలియును. దీనిని వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు, మనము నిద్రాశ్వాసావరోధమనవచ్చును.

ఊపిరి పది సెకనులకు తక్కువ కాకుండ ఆగుటను ఒక అవరోధముగా లెక్కింతురు. పూర్తిగా ఆగినవియు, చాలవఱకు తగ్గినవియు కలిపి గంటకు 5 మొదలు 15 వఱకున్నచో స్వల్పమనియు, 15 మొదలు 30 వఱకు మధ్యమమనియు, 30 దాటినచో తీవ్రమనియు చెప్పుదురు. గంటకు 30 అనగా రెండు నిమిషముల కొకసారి. ఎనిమిది గంటల రాత్రియందు 240 మారులు గొంతు నులిమి విడిచినట్లు. ఇట్టివారిలో రక్తపుపోటు హెచ్చుట తఱచు. ఒకటికి మూడు మందులు మ్రింగినను పోటు తగ్గని వారిని గుఱకను గూర్చి వైద్యుడు ప్రశ్నించుట ఇందువలననే.

ఇది ఎక్కడనో నూటికొకరికి వచ్చు వింత జబ్బు కాదు. ముప్పది మొదలు అఱువదితొమ్మిది ఏండ్ల వయస్సుగలవారిలో ప్రపంచమందు సుమారు 93 కోట్ల 60 లక్షలమంది దీనికి లోనైయున్నారని 2019లో ఒక అంచనా వెలువడినది. మన దేశమున ఈ సంఖ్య సుమారు 10 కోట్ల 40 లక్షలని 2023లో లెక్క కట్టిరి. వారిలో అధికసంఖ్యాకులకు తమకీ వ్యాధి యున్నదనియే తెలియదు.

మన ప్రాంతమునకు దీనివలన కలుగు అపాయము ప్రత్యేకమైనది. మాఘ ఫాల్గుణములు వచ్చినవనగా పల్లెలనుండి మిరపబస్తాలు గుంటూరు యార్డునకు రాత్రింబవళ్లు తరలుచుండును. ప్రత్తిలారీలు జిన్నింగు మిల్లులకు పోవుచుండును. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ నెంబరు జాతీయ రహదారి ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు ప్రాంతములగుండ మన గడపలలోనే సాగుచున్నది. తెల్లవారుజామున ఆ త్రోవను లారీ నడుపువాని రెప్ప మూడు సెకనులు వాలినచాలును. అతని భార్యాబిడ్డలతోపాటు ఎదుటి బండిలోని భార్యాబిడ్డలును వీథిని పడుదురు. చోదకుడు జాగరూకుడు కాడని పత్రికలు వ్రాయును. అతడు ఎన్నియేండ్లుగా సరియైన నిద్ర యెఱుగడో వ్రాయువారు లేరు.

ఇక చికిత్సను గూర్చి. 1980వ సంవత్సరమునకు పూర్వము వ్యాధి ముదిరినవారికి గొంతు క్రింద రంధ్రము చేసి గొట్టమమర్చుటయే ముఖ్యోపాయము. ఆ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు ముక్కుగుండ కొద్దిపాటి ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపి, ఆ గాలియే లోపలినుండి ఊతకోలయై గొంతు మూతపడకుండ నిలుపునని చూపెను. 1981లో లాన్సెట్ అను వైద్యపత్రిక ఆ వృత్తాంతమును ప్రకటించెను. సీపాప్ అని నేడు మనము పిలుచు యంత్రము పుట్టుక ఇదియే. మొదటి యంత్రములు పెనుచప్పుడు చేయునవి. మాస్కును ప్రతిరాత్రియు ముఖమునకు జిగురుతో అతికించుకొనవలసి యుండెడిది. నేటివి చిన్న పెట్టెలు, చప్పుడు స్వల్పము, ఒత్తిడిని రోగి యవసరమునుబట్టి తామే సవరించుకొనగలవి.

ఇంత మేలైన సాధనము చేతికి వచ్చినపిమ్మటనే అసలు కష్టము మొదలగుచున్నది. మనవారి ఇండ్లలో బీరువా క్రింది అరలో, పాతచీర కప్పి, గొట్టము చుట్టచుట్టి పెట్టిన యంత్రములను మేము పెక్కింటిని చూచితిమి. వేలకొలది రూపాయలు పోసి కొన్నవే. పదిరాత్రులు ధరించి ఊపిరాడలేదని విడిచినవే. విడిచినవారు మొండివారు కారు, మూర్ఖులు కారు. వారికి యంత్రమును అమ్మినవారున్నారు గాని అలవాటుచేసినవారు లేరు. మేము ఈ సభకు విన్నవింపదలచిన ముఖ్యాంశమిదియే. సీపాప్ మ్రింగు మందువంటిది కాదు, క్రొత్తజోడువంటిది. కొలత కుదురువఱకు కాలు కఱచుచునే యుండును. కుదిర్చిన పిమ్మట అది కాలనున్న సంగతియే తోచదు. కుదుర్చుట రోగి ఒక్కని వలన అగు పని కాదు.

ఈ కష్టము మన దేశమువారికే పరిమితము కాదు. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ అను పథకము యంత్రమునకు సొమ్ము చెల్లింపుట కొనసాగించుటకు, మొదటి మూడుమాసములలో వరుసగా 30 దినముల కాలమున నూటికి 70 వంతుల రాత్రులైనను, రాత్రికి 4 గంటలు తక్కువ కాకుండ ధరింపవలెనని నియమము పెట్టినది. అంతటి సంపన్నదేశముననే జనులు యంత్రమును విడిచిపెట్టుచున్నందున గదా యిట్టి నియమమవసరమైనది! మొదటివారములలో ఏర్పడిన అలవాటే తరువాతను నిలుచునని అనుభవజ్ఞులగు వైద్యులు చెప్పుచున్నారు. కావున మొదటి మాసమే పోరాటభూమి.

మేమును ఈ యంత్రము ధరించి నిద్రించువారమే. తొలిమాసమున ముక్కుదూలముపై పుండుపడినది. విక్రయించినవారు మాకు చూపినది ఒక్క పరిమాణపు మాస్కు మాత్రమే. తరువాత వైద్యశాలయందు ఒక నర్సు ముఖము కొలిచి చిన్నపరిమాణమిచ్చినంతనే పుండు మానినది. నాలుగు రాత్రులలో నిద్ర కుదిరినది. ఈ స్వానుభవముతోను, ఇతరుల అనుభవములతోను, వైద్యులు చెప్పిన దానితోను కొన్ని ఉపాయములను మనవిచేయుచున్నాము.

మొదటిది ఊపిరాడని భయము. మాస్కు ముఖమున పెట్టినంతనే ఎవరో నోరునొక్కినట్లు గుండె దడదడలాడును. ఇట్టివారు రాత్రివఱకు ఆగక, పగలే కూర్చుండి, పత్రిక చదువుచునో పాట వినుచునో అరగంటసేపు ధరింపవలెను. మొదట మాస్కు మాత్రము, పిమ్మట గాలితో, పిమ్మట పడకమీద. యంత్రమున ఒత్తిడి తక్కువగా మొదలై మెల్లగా హెచ్చు ఏర్పాటు కలదు. దానిని వైద్యునిచే అమర్పించుకొనవలెను.

రెండవది గాలి కారుట. పట్టీలను బిగించినకొలది కారుట హెచ్చును, చర్మము కందును. పండుకొన్న పిమ్మట, గాలి వచ్చుచుండగా, పట్టీలను సవరించుకొనవలెను. మన పెద్దలలో మీసము గౌరవచిహ్నము. గుబురుమీసముపై మాస్కు అంటుకొనదు. మీసము తీయనక్కఱలేదు, ముక్కుపుటములకు మాత్రము ఆనుకొను చిన్న మాస్కులున్నవి, వానిని అడుగవలెను. నోరు తెఱచి నిద్రించువారికి ముక్కును నోటిని కలిపి కప్పునది వేఱుగ కలదు.

మూడవది ముక్కుదిబ్బడ. కల్లములలో మిరపకాయల నడుమ పనిచేయువారికిని, యార్డులో ఘాటు పీల్చువారికిని, ప్రత్తిదూది ధూళిలో నుండువారికిని ముక్కు ఎల్లప్పుడు మూసియుండుట సహజము. మూసిన ముక్కుగుండ గాలి పంపినచో యంత్రము శత్రువుగానే తోచును. పని ముగిసి ఇంటికి రాగానే స్నానముచేసి, కాచి చల్లార్చిన నీటిలో ఉప్పుకలిపి ముక్కు శుభ్రపఱచుకొని, తగ్గనిచో వైద్యుని సలహాతో మందు వాడుకొనవలెను. యంత్రమునకు గాలి తీసికొనుచోట నుండు వడపోతగుడ్డను ఇతరులకంటె మనవారు తఱచుగా పరిశీలింపవలెను. మిరపబస్తాలున్న గదిలో యంత్రమును ఉంచరాదు.

నాలుగవది నీరు. గొంతెండకుండ గాలికి తేమ కలుపు చిన్నతొట్టి యంత్రమున నుండును. మన మెట్టప్రాంతములందును, ప్రకాశం జిల్లా పడమటి గ్రామములందును బోరునీరు ఉప్పుతోను ఖనిజములతోను కూడినది. తొట్టియందు తెల్లని పొర కట్టును. మందులదుకాణములలో దొరకు స్వేదనజలమునే పోసి, ప్రతిదినము మార్చవలెను. బ్యాటరీలలో పోయుటకమ్ము నీటిని వాడరాదు. శీతలయంత్రమున్న గదిలో గొట్టమున నీరు బొట్లుకట్టి ముఖమున చిందినచో తేమ తగ్గించుటయో, గొట్టమునకు గుడ్డతొడుగు వేయుటయో చేసిన చాలును.

ఐదవది విద్యుత్తు. రోహిణికార్తె యెండలలో కరెంటు పోయినచో యంత్రమాగును. యంత్రము ఆగినను ఊపిరి పూర్తిగా మూతపడదు. ముక్కు నోరు కలిపి కప్పు మాస్కులందు బయటిగాలి వచ్చు ద్వారముండును. రోగికి మెలకువ వచ్చును. ఐనను నిద్ర చెడును. ఇంటి ఇన్వర్టరు తన యంత్రమునకు తగినదగునా యని కొనకముందే విచారించుకొనవలెను. వేసవిలో మేడమీద నులకమంచమున పండుకొను అలవాటుగలవారు చిన్న బ్యాటరీతో అచ్చటనే యంత్రమును నడుపుకొనవచ్చును. అలవాటు మానుకొనలేక యంత్రమును మానుకొనుట తగదు.

ఆఱవది కడుపుబ్బరము. గాలిని మ్రింగుటచే ఉదయమున పొట్ట బిగిసియుండును. తల యెత్తుగా పెట్టుకొనుటయు, రాత్రిభోజనము ప్రొద్దుపోకముందే ముగించుటయు, అవసరమైనచో వైద్యునిచే ఒత్తిడి సరిచేయించుకొనుటయు దీనికి మార్గములు. మద్యమును, నిద్రమాత్రలను మాత్రము వైద్యుని యనుమతి లేనిది ముట్టరాదు; అవి గొంతును మఱింత సడలించును.

సోదరీమణులతో ప్రత్యేకముగా ఒక మాట. ఈ వ్యాధి పురుషులదే యను నమ్మకము తప్పు. ముట్లుడిగిన పిమ్మట స్త్రీలలో ఇది హెచ్చగును. స్త్రీలు గుఱకను గూర్చి చెప్పుకొనరు. నిద్రపట్టదనియు, అలసటయనియు, తలనొప్పియనియు, మనస్సు దిగులనియు చెప్పుదురు. వైద్యులును బలముమాత్రలిచ్చి పంపుదురు. యంత్రము చేతికి వచ్చినను వారి కష్టములు వేఱు. కొప్పుమీద పట్టీ నిలువదు. వదులుజడ వేసికొని పట్టీని జడక్రిందుగా తీసికొనవలెను. ముక్కుపుడక మాస్కునకు అడ్డుతగులును. రాత్రివేళ తీసిపెట్టుటలో అమంగళమేమియు లేదని అత్తగార్లే చెప్పవలెను. తలకు ముఖమునకు నూనె రాచుకొన్నచో మాస్కు జారును, దాని మెత్తనియంచు త్వరగా చెడును; పండుకొనకముందు ముఖము కడుగుకొనవలెను. అన్నింటికంటె పెద్దకష్టము, కుటుంబములో తనకొఱకు ఇంత సొమ్ము వెచ్చింపుడని అడుగుటకు తల్లులకు నోరురాకపోవుట. తండ్రికి యంత్రము కొన్న కొడుకులు తల్లి నిద్రను కూడ ఒక రాత్రి మేలుకొని వినవలెను.

ఇంటివారి సహాయమే సగము చికిత్స. భర్త ముఖమున గొట్టము చూచి భార్య జంకినచోను, మనుమలు ఏనుగుతాత యని గేలిచేసినచోను, రోగి మొదట యంత్రము విడుచును, పిమ్మట పడకగది విడుచును. పిల్లలకు మాస్కును చేతికిచ్చి చూపి, ఇది తాతగారి కండ్లజోడువంటిదని చెప్పినచో వారే రాత్రివేళ గుర్తుచేయుదురు. ఉదయమున యంత్రమున వ్రాయబడియుండు గంటల లెక్కను ఇంటివారొకరు చూచి, రెండుగంటలైనను మెచ్చుకొనవలెను. నేడు రెండు, వచ్చువారము నాలుగు. నడిరాత్రి మాస్కు ఊడినచో మరల పెట్టుకొనుడని మెల్లగా తట్టవలెను. కసరరాదు.

ఈ యంత్రమును గూర్చి అతిశయోక్తులు పలుకుట మాకు సమ్మతము కాదు. 2016లో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశోధనయందు, గుండెజబ్బుగాని మెదడు రక్తనాళముల జబ్బుగాని యున్న 2,700 మందికి పైగా రోగులను, మన దేశముతోసహా పలుదేశములలో పరీక్షించిరి. యంత్రము వాడినవారికి గుండెపోటులును పక్షవాతములును తగ్గినట్లు అందు తేలలేదు. పగటినిద్రమత్తు తగ్గుట, మనస్సు తేటపడుట మాత్రము స్పష్టముగా కనబడెను. ఆ రోగులు సగటున రాత్రికి 3.3 గంటలు మాత్రమే ధరించిరనుటయు గమనింపదగినది. కావున యంత్రము గుండెకు కవచమని మేము వాగ్దానము చేయము. పగలు మేలుకొనియుండుటకు, బండి నిలకడగా నడుపుటకు, ఇంటివారితో ప్రసన్నముగా మాటాడుటకు అది సహాయపడునని మాత్రము చెప్పగలము. అదియే తక్కువ లాభము కాదు.

ఎంత యత్నించినను యంత్రము పొసగనివారును కలరు. వారు నిరాశ చెందరాదు. బరువు తగ్గించుట, ప్రక్కకు తిరిగి పండుకొనుట, క్రిందిదవుడను ముందుకు నిలుపు పండ్ల అమరిక, కొందఱికి శస్త్రచికిత్స మొదలగు మార్గములున్నవి. స్థూలకాయముతో కూడిన మధ్యమ, తీవ్ర వ్యాధికి టిర్జెపటైడ్ అను సూదిమందును 2024 డిసెంబరులో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ అంగీకరించినది. ఏది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. మంగళగిరియందలి ఎయిమ్స్ వంటి పెద్ద వైద్యశాలలు నేడు మన ముంగిటనే యున్నవి; అచ్చటి ఊపిరితిత్తుల వైద్యులను సంప్రతింపుడు. ఏ శస్త్రచికిత్సకు పోయినను మత్తుమందిచ్చు వైద్యునికి ఈ వ్యాధి సంగతి ముందుగా చెప్పుట మఱవకుడు.

ఇక సంఘమునకు మా మూడు విన్నపములు.

ఒకటి, దాతలు సత్రములకును విద్యార్థివేతనములకును ఇచ్చినట్లే, మన వసతిగృహమున నాలుగైదు యంత్రములను ఎరువుకై యుంచుటకు కొంత ధనము కేటాయింపవలెను. పేదరోగి కొనకముందు ఒక మాసము వాడిచూచుకొనును. మాస్కు, గొట్టము, వడపోతగుడ్డ మాత్రము ఎవరివి వారికి క్రొత్తవిగా నుండవలెను. వాడినయంత్రములను దానముగా స్వీకరించునప్పుడు జాగ్రత్త యవసరము. 2021 జూన్ మాసమున ఫిలిప్స్ సంస్థ, లోపలి నురుగుపదార్థము శిథిలమగుచున్నదను కారణమున, లక్షలకొలది శ్వాసయంత్రములను వెనుకకు పిలిపించినది. కావున ప్రతి యంత్రముయొక్క రకమును సంఖ్యను విచారించియే తీసికొనవలెను.

రెండు, యంత్రమునకు అలవాటుపడిన మనవారు మండలమున కిద్దఱైనను ముందుకువచ్చి, క్రొత్తగా మొదలుపెట్టినవారి యింటికి మొదటి మాసమున నాలుగుమారులు పోయి కూర్చుండవలెను. స్త్రీలయింటికి స్త్రీలే పోవలెను. వైద్యము చెప్పనక్కఱలేదు. మాకును ఇట్లే ఉండెడిదని చెప్పిన చాలును. ఈ పట్టికలో మొదటిపేరు మాది వ్రాసికొనుడు.

మూడు, వివాహసంబంధములు మాటాడునప్పుడు వరుని తండ్రికో వధువు తల్లికో యంత్రమున్నదని తెలిసి వెనుదీయు దురాచారము అక్కడక్కడ తలయెత్తుచున్నది. దీనిని మొలకలోనే త్రుంపవలెను. కండ్లజోడు పెట్టినవానిని గ్రుడ్డివాడనము. గాలిమాస్కు పెట్టినవానిని రోగిష్ఠియని దాచిపెట్టుకొనునట్లు చేయరాదు. దాచినవాడు చుట్టాలయింట రాత్రియుండునప్పుడు యంత్రము తెచ్చుకొనడు. ఆ మఱునాడే బండి నడుపుచు తిరిగివచ్చును.

ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖమెఱుగదు అని మన పెద్దలమాట. ఈ రోగులకు నిద్రయుండియు సుఖము లేదు. ఆ సుఖమును తిరిగి యిచ్చు సాధనము బీరువాలో చీరక్రింద నున్నది. ఈ మహాసభనుండి ఇండ్లకు పోయినవారు ఆ చీర తొలగించి, వడపోతగుడ్డ మార్చి, మాస్కు కొలత మరల చూపించుకొని, ఈ రాత్రి ఒక గంట ధరింతురుగాక.